రెండు గీతల మందం

చిన్న దొర ఆఫీసు వరండాలో బల్లమీద అయిదు చెక్కముక్కలు పేర్చాడు. నాలుగు తెల్లగా ఉన్నాయి. అయిదోది ఎండిన ఖర్జూరం రంగులో ఉంది. తెల్లవి విలాయతు నుంచి యంత్రం దిగిన పెట్టె తాలూకు పైను చెక్క. నాలుగు ముక్కలకే పెట్టె అయిపోయింది. రబ్బరు తోట చుట్టూ ముళ్లకంచె కట్టినప్పుడు మిగిలిన చెంగల్ గుంజ, ఇనుములాంటి గట్టి కర్రది, ఒకటుంటే, అందులోంచి అయిదో ముక్క కోసి సరిపెట్టారు. ఎవరికి ఏది అన్నది ఎవరూ తీర్మానించలేదు. తోటలో అలాంటివి వాటంతటవే తీర్మానమైపోతాయి. ఆఫీసుకొకటి, ఆసుపత్రికొకటి, ఇంజను షెడ్డుకొకటి, పని చూసే మండోర్లూ డ్రైవర్లూ ఉండే ఇళ్ల వరసలకి, పై లైన్లకి, ఒకటి అని తెల్లముక్కలు లేచిపోయాక, కింది లైన్ల కూలివాళ్లకి నల్లముక్క మిగిలింది.

మెర్డేకాకి ఇంక తొమ్మిది రోజులుంది. మలాయి దేశానికి స్వతంత్రం వస్తోందని తోటలో ఆటలపోటీలు పెట్టారు. తాడు లాగడం, గోనెసంచుల పరుగూ ఎప్పుడూ ఉండేవే. ఈ కొత్త ఆట మాత్రం చిన్న దొరకి అమెరికాలో ఉన్న చెల్లెలు పంపిన పత్రికలోంచి వచ్చింది. ఏడంగుళాల చెక్కముక్కని కారుగా చెక్కాలి. నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఆఫీసే ఇస్తుంది. ఏటవాలు పలక మీద పైనుంచి వదిలితే, ఏ కారు ముందు కిందికి చేరితే అది గెలిచినట్టు. తొయ్యకూడదు. ముక్క మార్చకూడదు, అందుకే అన్నింటి మీదా కాల్చిన ముద్ర ఉంది. పొడుగూ వెడల్పూ తగ్గించకూడదు. చక్రాలతో కలిపి బరువు అయిదు ఔన్సులు దాటితే పలక ఎక్కనివ్వరు.

"కింది లైన్ల తరఫున ఎవరు?" అన్నాడు చిన్న దొర, తోటలో నేర్చుకున్న అరవంలో.

తాతబాబు చెయ్యెత్తాడు. అతను పొగయింట్లో రబ్బరు షీట్లకి కట్టెలు ఎగదోసే మనిషి. చెక్కతో అతనికున్న పరిచయమల్లా దాన్ని కాల్చడమే.

ఆఫీసు గుమాస్తా నారాయణస్వామి కిరాణి, కాగితంలోంచి తలెత్తి, "సూసుకో తాతబాబూ, పొయ్యిలో ఎట్టడానికి కాదు ఇచ్చింది," అన్నాడు. వరండా అంతా నవ్వింది. తాతబాబు కూడా నవ్వి, ముక్క తీసుకుని బయల్దేరాడు. అది చేతికి ఇటుకలా తగిలింది.

లైన్ల గేటు దగ్గర మలాయి స్పెషల్ కానిస్టేబులు అతని జేబులు తడిమి, తలగుడ్డ విప్పించి, ముక్కని అటూ ఇటూ తిప్పాడు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి బియ్యం అందకుండా వచ్చేపోయే ప్రతిదాన్నీ చూడటం అతని పని.

"ఏంటిది?"

"కారు."

కానిస్టేబులు ముక్క వంకా, మనిషి వంకా చూశాడు.

"ఇంకా అవలేదు లా," అన్నాడు తాతబాబు, చివర మలాయి వాళ్ల "లా" తగిలించి. "అవుతాది."

తాతబాబు భార్య అచ్చమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపల తలలు తీస్తోంది. పక్కింటి పాపాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కబురు అప్పటికే మొగుడికంటే ముందు ఇల్లు చేరిందని పాపాయి మొహమే చెబుతోంది.

"బావా, కారు సేస్తన్నావట! ఎక్కేది మనమా, దోమలా?"

"ముందు నిన్నే ఎక్కించి తోసెత్తాను, ఉండు," అన్నాడు తాతబాబు. ముక్కని భార్య పక్కన పెట్టాడు. "అచ్చీ, దీన్ని అయిదు ఔన్సులకి దించాల. ఆసుపత్రి డ్రస్సరు దగ్గర తూయించినాను. సక్రాలతో కలిపి తొమ్మిదుంపావు ఉన్నాది."

"దించు," అంది అచ్చమ్మ, చేప మీంచి కళ్లు తియ్యకుండా. ఆమె అరచేతుల్లో వేళ్ల మొదళ్ల దగ్గర బొబ్బలు పగిలి గట్టిపడుతున్నాయి. ఏడు వారాలుగా ఆమె రబ్బరు పాలచెట్లు గీయడం లేదు. గడ్డి ముఠాలో చంగోలు పార పట్టుకుని నేల చెక్కుతోంది.

ఆ బొబ్బల్ని తాతబాబు రోజూ చూస్తున్నాడు. చూడకుండా ఉండటానికి చేసే ప్రయత్నమూ రోజూ చేస్తున్నాడు. ఏడు వారాల కిందట ఆమె జ్వరంతో లేవలేకపోయిన రెండు పొద్దులు, ఆమె తలగుడ్డ చుట్టుకుని, ఆమె బకెట్లు మోసుకుని మంచులో ఆమె చెట్లు గీసింది అతనే. నాగా పడితే చెట్లు ఇంకొకరికి పోతాయని భయం. పదకొండు చెట్లకి బెరడు దాటి లోపలి తెల్ల కర్ర దాకా కత్తి దిగిపోయింది. కిరాణి గాయాలు లెక్కపెట్టి, అచ్చమ్మని గీతపనిలోంచి తీసేసి గడ్డిలోకి పంపాడు. అసలు సంగతి చెప్పాలంటే, గీత చిట్టాలో పేరు లేని మొగాడు చీకట్లో అడివి అంచున ఏం చేస్తున్నట్టు అన్న ప్రశ్న వస్తుంది. పై లైన్లనుంచి అలాంటి ప్రశ్నకి జవాబు చెప్పడానికి పోలీసు లారీ ఎక్కిన ఇద్దరు ఇంకా తిరిగి రాలేదు. అందుకని తాతబాబు నోరు మెదపలేదు. అచ్చమ్మా మెదపలేదు. ఇంట్లో కూడా ఆ మాట ఒక్కసారీ రాలేదు. అదే అతనికి కష్టంగా ఉంది. తిడితే ఏదో ఒక రోజుకి తిట్లు అయిపోయేవి.

ఆమె కత్తి చూరులో కొబ్బరినూనె గుడ్డ చుట్టుకుని ఉంది. ఎలాగోలా అది మళ్లీ ఆమె చేతిలో పడితే చూడాలనే అతను వరండాలో చెయ్యెత్తింది. తీరా ఇంటికొచ్చాక ఆ మాట చెప్పడానికి నోరు రాక, పెరట్లోకి పోయి పెద్ద కత్తి తీసి ముక్క మీద ఒక్క వేటు వేశాడు.

కత్తి ఎగిరింది. ముక్క మూల నుంచి గోరంత పెచ్చు లేచింది. చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది.

అచ్చమ్మ చేపల తట్ట పక్కన పెట్టి లేచింది. చేతులు కడుక్కుంది. ముక్క అందుకుని, లేచిన పెచ్చు దగ్గర బొటనవేలితో రాసి చూసింది.

"నీకూ దీనికీ ఏటి పగ, మావా?" అంది.

ఆ సాయంత్రం ఆమె చెక్కలేదు. ముక్కని తడిగుడ్డతో తుడిచి, ఆరేటప్పుడు తడి ఎటు ముందు పోతుందో, ఎటు నిలుస్తుందో చూసింది. వేలిగోటితో పొడుగునా గీసింది. చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో తట్టింది. తర్వాత స్టూలెక్కి చూరులోంచి గుడ్డ తీసింది. తాతబాబు దీపం వత్తి సరిచేస్తున్నట్టు నటిస్తూ అంతా చూస్తున్నాడు. సానరాయి మీద కత్తి కొక్కెం మూల అటు పదిసార్లు, ఇటు పదిసార్లు తిరిగింది. ఆమె దాన్ని గోటి మీద ఆనించి చూసి, మరో నాలుగు తిప్పులు తిప్పింది. ఏడు వారాల తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు వినబడింది.

మర్నాడు గడ్డిపని నుంచి వచ్చి, గంజి తాగి, గుమ్మంలో కూర్చుంది. ముక్కని తిరగేసింది. "పైన ముట్టకూడదంతే కదా. కింద నుంచి తవ్వుకుపోతాను. డొప్పలాగ."

గీతకత్తి తోసే కత్తి కాదు, లాక్కునే కత్తి. ఆమె ముక్కని మోకాళ్ల మధ్య బిగించి, కత్తిని తనవైపు లాగింది. మొదటి రోజు చెంగల్ లొంగలేదు. పొట్టు తప్ప ఏమీ రాలేదు. కత్తి మూడుసార్లు మొద్దుబారింది, మూడుసార్లు సానపట్టింది. రెండో రోజుకి కర్ర ఎటు ఒప్పుకుంటుందో ఆమెకి తెలిసిపోయింది. అప్పటినుంచి బెరడు వచ్చినట్టే వచ్చాయి చెక్కులు, ఒకే మందంతో, ఒక కొస నుంచి మరో కొసదాకా తెగకుండా. పాపాయి వేళాకోళం చెయ్యడానికి వచ్చి, గోడకి ఆనుకుని, చెయ్యడం మరిచిపోయి, పొయ్యిమీద అన్నం మాడ్చుకుంది.

రోజూ మధ్యాహ్నం తాతబాబు కారుని ఆసుపత్రికి మోసుకెళ్లేవాడు. డ్రస్సరు లెచ్చుమనన్ మందులు తూచే తక్కెడలో దాన్ని పెట్టి తూచేవాడు. ఆసుపత్రి కారు అతనిదే, ఎర్ర శిలువ కూడా వేసుకున్నాడు. అయినా పోటీవాడన్న పట్టింపు లేదు. తాతబాబు కారుకి ఒక రోగి చీటీ రాశాడు. పేరు: కారు. ఊరు: కింది లైన్లు. జబ్బు: ఒళ్లు.

"ఏడున్నర," అన్నాడు ఆదివారం. "పత్యం బాగా చేస్తున్నాది."

సోమవారం ఆరు. మంగళవారం అయిదున్నర.

"పోదుమప్పా, చాలు. ఇంకా తగ్గితే నేను సెలైన్ ఎక్కించవలసి వస్తాది," అన్నాడు డ్రస్సరు. డొప్పలోకి వేలు పెట్టి గోడలు తడిమి, నవ్వు ఆపాడు. "ఎవరు చేస్తున్నారు తాతబాబూ, ఇది?"

"కింది లైన్లు," అన్నాడు తాతబాబు.

గేటు దగ్గర కానిస్టేబులు కూడా డొప్పలో వేలు పెట్టాడు, బియ్యం కోసం. మూడు గింజలు కూడా పట్టని చోట వెతికి వెతికి, చివరికి కారుని నేలమీద పెట్టి కొంచెం దూరం తోసి చూసుకున్నాడు. తర్వాత ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

ముందు భాగం ఆకులా పల్చబడుతోంది కానీ వెనక భాగాన్ని అచ్చమ్మ దాదాపు ముట్టలేదు. తాతబాబుకి అది అర్థం కాలేదు.

"అంత కర్ర అక్కడుంచుకుని ముందంతా గోకుతావేటి? ఎనక తీసెయ్. అయిపోద్ది."

"నువ్వు కావిడి ఎప్పుడైనా మోసినావా?"

ఆ రెండు పొద్దులూ మోశాడు. 

"దిగుడులో పాల బకెట్లు మోసుకొస్తన్నప్పుడు ముందు బకెట్టు ఆపుతాది, ఎనక బకెట్టు తోస్తాది," అంది అచ్చమ్మ. "ఎనక బరువుంటే మనం వొద్దన్నా పరిగెట్టిస్తాది. ఈ బండికి అదే కావాల."

గురువారం సాయంత్రానికి అయిదుంపావు. మిగిలింది పావు ఔన్సు. కానీ గోడలు అప్పటికే రెండు గీతల మందానికి వచ్చాయి. అచ్చమ్మ అంగుళాల్లో చూడదు. కత్తి ఒక్కసారి లాగితే వచ్చే చెక్కు ఒక గీత. చెట్టు మీద కూడా ఆమె లెక్క అదే. బెరడులో లోపలి కర్రకి ఇంకా ఎన్ని గీతలుందో ఆమె వేలికి తెలుస్తుంది. ఆఖరి గీత వదిలెయ్యాలి, అది చెట్టుది.

ఆమె కారుని చెవి దగ్గర పెట్టుకుని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయింది. టక్, టక్, టక్. ఎడమ గోడలో ముక్కు దగ్గర చప్పుడు కాస్త బొంగురుగా వచ్చింది. "ఇక్కడ మూడున్నాయి," అని తనలో తను అనుకుని, అక్కడ ఒక్క గీత లాగింది. మళ్లీ తట్టింది. డొప్ప అడుగున వెన్ను పొడుగునా ఇంకొకటి తియ్యాలని చూసుకుంది. అక్కడ పొరపాటు పడితే కన్నమే. ఇంకో ముక్క లేదు. శనివారం ఎల్లుండే.

మెడ పట్టేసి ఆమె కత్తిని ఒక్క నిమిషం ఒళ్లో పెట్టుకుంది. తాతబాబు చెయ్యి చాపాడు.

"అలిసిపోనావు. ఇటియ్యి, ఈ ఒక్కటీ నేను లాగుతాను."

అచ్చమ్మ కత్తిని అతనికి అందనంత దూరం జరిపింది. విసురుగా కాదు, పసిపిల్ల దగ్గర్నుంచి వేడిగిన్నె జరిపినట్టు.

"నీ సెయ్యొద్దు, మావా," అంది.

ఏడు వారాల్లో ఆ సంగతి మీద ఆమె అన్నది అంతే. తాతబాబు చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాలి కింద పెట్టుకున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి కత్తి లాగింది. ఏడంగుళాల చెక్కు తెగకుండా వచ్చి, గాలికి వణుకుతూ ఆమె మణికట్టు మీద పడింది. దాని గుండా ఆమె గాజులు కనిపించాయి.

శుక్రవారం మధ్యాహ్నం తక్కెడ ముల్లు అయిదు మీద నిలబడింది. డ్రస్సరు చీటీ మీద 'గుణం' అని, అంటే జబ్బు నయమైందని, రాసి సంతకం పెట్టాడు.

శనివారం పొద్దున్న కొత్త జెండా ఎక్కింది. పెద్ద దొర ఏదో చదివాడు. పిల్లలకి మిఠాయి పంచారు. పొగయింటి ముందున్న మైదానంలో ఏటవాలు పలక నిలబెట్టారు. పోలీసు కార్పొరల్ కూడా తుపాకి భుజాన వేసుకుని ఓ పక్కన నిలబడ్డాడు. స్వతంత్రం వచ్చినా అడివి ఇంకా అక్కడే ఉంది మరి.

కార్లు బల్లమీదికి వచ్చాయి. నాలుగు రంగులు వేసుకొచ్చాయి. నల్లదానికి రంగు లేదు, కొబ్బరినూనె రాసిన మెరుపు మాత్రం ఉంది. అది తక్కెడలో అయిదు తూగేసరికి నారాయణస్వామి కిరాణి మొహం మారిపోయింది.

"ముక్క మార్చినారు, దొరా. చెంగల్ కర్ర ఆ సైజులో అయిదు రాదు. అయ్యే పని కాదు."

చిన్న దొర కారుని తిప్పి ముద్ర చూశాడు. తనదే. మూల లేచిన పెచ్చు లోపల చెంగల్ ఎరుపే. అప్పుడు దాన్ని తిరగేసి డొప్పలోకి చూశాడు. చూసి, తల మీది టోపీ తీసి చంకలో పెట్టుకుని, కారుని ఎండకెత్తి పట్టుకున్నాడు. అరచెయ్యి దీపానికి అడ్డం పెడితే వేళ్ల సందున కనిపించే ఎరుపులాంటిది ముందు భాగమంతా వెలిగింది. ఎక్కడా కన్నం లేదు. ఎక్కడా మచ్చ లేదు.

"నల్ల వేలై," అన్నాడు చిన్న దొర మెల్లగా. మంచి పని అనడానికి అతనికి అరవంలో అంతకుమించి మాట రాదు. మరోసారి అదే అన్నాడు.

నల్ల కారు ముందు ఆసుపత్రి కారుని ఓడించింది. లెచ్చుమనన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత పై లైన్ల కారుని మూరెడు వెనక వదిలేసింది. ఆఫీసు కారు ఇంజను షెడ్డు చేతిలో అప్పటికే ఓడిపోయి, బల్లకింద చేరింది. చివరి పరుగులో నల్లదీ, ఇంజను షెడ్డుదీ పక్కపక్కనే దూసుకొచ్చాయి. కింది లైన్లంతా ఒక్క గొంతుతో అరిచింది. షెడ్డు ఫిట్టరు చక్రాల్లో పెన్సిలు ముల్లు నూరి పోశాడట. బొటనవేలంత ముందు అదే చేరింది. కప్పు ఫిట్టరుకి పోయింది.

పాపాయి ముక్కు చీదింది. అచ్చమ్మ ఆడవాళ్ల మధ్య నిలబడి తలగుడ్డ సర్దుకుంటోంది. ఆమె కళ్లు కప్పు మీద లేవు. పలక చివర పక్కకి పడి ఉన్న కారు చక్రం ఇంకా తిరుగుతుంటే, అది ఆగేదాకా చూసింది.

చిన్న దొర వెళ్లి ఆ కారు తీసుకున్నాడు. తాతబాబుని పిలిచాడు.

"కప్పు పోయింది. అది చక్రాల సంగతి. ఈ పని వేరు," అన్నాడు. "గీత చూసే మండోరు వచ్చే నెల దిగిపోతున్నాడు. చెంగల్‌లో ఇంత పల్చన ఆపగలిగిన చెయ్యికి, బెరడులో కత్తి ఎక్కడ ఆపాలో ఒకరు చెప్పక్కర్లేదు. సోమవారం నుంచి తొమ్మిదో నంబరు ఫీల్డులో గాయాలు నువ్వు చూడాలి."

తాతబాబుకి ముందు నవ్వొచ్చింది. గాయాలు, అతను చూడాలి. మండోరంటే పై లైన్లలో ఇల్లు, సైకిలు, చేతిలో చిన్న పుస్తకం. చుట్టూ ఉన్నవాళ్లు వీపు తట్టడం మొదలుపెట్టారు. అతను ఆడవాళ్ల వైపు చూశాడు. అచ్చమ్మ అతని వైపే చూస్తోంది. ఆ చూపులో పద అని లేదు, ఆగు అని లేదు. అరచేతులు మాత్రం రెండూ చీరకొంగులో చుట్టుకుని ఉన్నాయి.

"దొరా," అన్నాడు. "అది నా సెయ్యి కాదు."

"ఏంటి?"

"మా ఆడదాని సెయ్యి. అచ్చమ్మది. నేను మోసినాను, అంతే. ఆ పదకొండు చెట్లు..."

కిరాణి ముందుకొచ్చాడు. "ఏయ్, తాగినావా? పండగ పూట గోల సెయ్యకు, పో."

"తాగితే ఇంకా బాగా సెప్పుదును, బాబూ," అన్నాడు తాతబాబు.  "ఆ పదకొండు చెట్లు గీసింది నేను. దానికి జొరం. దాని గుడ్డ కట్టుకుని రెండు పొద్దులు నేనే ఎల్లినాను. కావాలంటే సూడండి. గాయాలన్నీ పాలు దిగే గొట్టం దగ్గరే ఉంటాయి. ఎడం సేతివోడు లాగితే కత్తి అక్కడే తప్పుతాది. నాది ఎడం సెయ్యి. దానిది కుడి."

మైదానంలో తాడు లాగే పోటీ మొదలైంది, ఈలలు వినబడుతున్నాయి. బల్ల చుట్టూ మాత్రం ఎవరూ కదల్లేదు. చిట్టాలో లేని మనిషి, చీకట్లో, ఫీల్డులో. ఆ మాట అర్థం తెలియనివాళ్లు అక్కడ లేరు. నాలుగు బారల దూరంలో కార్పొరల్ తాడు పోటీ చూస్తున్నాడు.

చిన్న దొర అచ్చమ్మని రమ్మన్నాడు. కారుని ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక్కడ ఎంత మందం?"

"రెండు గీతలు, దొరా. ఎనకాల ఆరు."

"చెట్ల సంగతి నీకు ముందే తెలుసా?"

"నా సెట్లు కదా," అంది అచ్చమ్మ. "తెల్దా?"

చిన్న దొర కిరాణి వంక చూశాడు. కిరాణి కళ్లద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు. గాయాలు ఎన్నో అతను లెక్కపెట్టాడు. ఎక్కడున్నాయో చూసుకోలేదు. చిన్న దొర చూపు అక్కడినుంచి కార్పొరల్ మీదికి పోయి, కాసేపు ఆగింది. 

"కార్పొరల్‌కి అరవం రాదు," అన్నాడు చివరికి చిన్న దొర. "నాకూ సగమే వస్తుంది. సోమవారం నుంచి ఈమె చెట్లు ఈమెవి. నువ్వు ఏడు వారాలు గడ్డిలోకి." టోపీ పెట్టుకున్నాడు. కారు మాత్రం తిరిగివ్వలేదు. అడిగాడు, తను ఉంచుకోవచ్చా అని. ఆ తోటలో దొర ఒక కూలిమనిషిని అలా అడగడం ఎవరూ చూసి ఉండలేదు. అచ్చమ్మ ఒక క్షణం ఆలోచించి, తలూపింది.

సోమవారం తెల్లవారుజామున ఆఫీసు ముందు ఎప్పటిలాగే పెరట్టు, కూలీల హాజరు. ఎవరి వరసలో వాళ్లు నిలబడితే కిరాణి లాంతరు వెలుగులో పేర్లు పిలిచి, పనికి పంపుతాడు. గీతవాళ్ల వరసలో పాపాయి పక్కన అచ్చమ్మ ఉంది, భుజాన కావిడి, నడుములో కత్తి. గడ్డి ముఠాలో ఇరవై మంది ఆడవాళ్ల మధ్య తాతబాబు ఒక్కడే మొగాడు. చంగోలు పిడి ఎటు పట్టుకోవాలో ఇద్దరు చెప్పారు, ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు.

"అచ్చమ్మ," అన్నాడు నారాయణస్వామి కిరాణి.

 అచ్చమ్మ ఆకాశం వైపు చూస్తోంది, వాన పడుతుందో లేదో తేల్చుకునేదానిలా.

"అచ్చమ్మా!" ఈసారి గట్టిగా. పాపాయి మోచేత్తో పొడిచింది. అచ్చమ్మ కావిడి భుజం మార్చుకుంది.

 కిరాణి చిట్టా దించి, లాంతరు పైకెత్తి, ఆమె మొహం మీద వెలుగు పడేలా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. రెండొందల మంది వింటుండగా, ఈసారి ఫీల్డూ పనీ కూడా కలిపి, ఒక్కో మాటా విడదీసి పిలిచాడు.

"తొమ్మిదో నంబరు ఫీల్డు. గీతపని. అచ్చమ్మ."

"ఉన్నాను, బాబూ," అంది అచ్చమ్మ.

కిరాణి ఆమె పేరు పక్కన గీత పెట్టుకుని, పేజీ తిప్పి, గడ్డి ముఠా చిట్టా తీశాడు. కిరాణి నోట్లో తన పేరు ఇంకా సగంలో ఉండగానే తాతబాబు "ఉన్నాను" అనేశాడు.